సరేనూరు నాటకానికి అభ్యంతరాలు

ఆళ్లగడ్డ,
అక్టోబరు 6

వెన్నెల కళా సంఘం కార్యదర్శి మహానందయ్య గారికి, తెలుగు టీచరు ఫెబా నమస్కరించి రాస్తున్నది.

నవంబరులో మీ సంఘం నంద్యాలలో జరిపే బడిపిల్లల నాటక పోటీకి మా తొమ్మిదో తరగతి నాటకం ఈ ఉత్తరంతో జతచేశాను. మీరిచ్చిన 'రేపటి ఆదర్శ పట్టణం' అన్న అంశం చూడగానే నాకు చేతులు ఊరుకోలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చున్నదాన్ని, పొద్దుగూకేలోపు పూర్తి చేశాను. నాటకం పేరు 'సరేనూరు'.

ఆ ఊర్లో అందరూ ఒకే గంటకు లేస్తారు. ఒకే రంగు బట్టలు వేసుకుంటారు. ఒకే ఉప్మా తింటారు. పెద్దాయన ఏం చెప్పినా 'సరే' అంటారు కాబట్టి గొడవలనేవే ఉండవు. గ్రంథాలయంలో పుస్తకాల నుంచి తగాదాలున్న పేజీలన్నీ చించేశారు. అందుకే చదివినవాళ్లకు హాయిగా నిద్రపడుతుంది. ఎవరైనా పొరపాటున 'ఎందుకు' అని అడిగితే వాళ్లను ప్రేమగా విశ్రాంతి గదికి తీసుకుపోతారు. వాళ్లు నవ్వుతూ తిరిగి వస్తారు. ఒక చిన్నపిల్ల కూడా అట్లా పోయి వస్తుంది. ఆ దృశ్యం రాస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. పిల్లలంతా ఒకేసారి మాట్లాడే తరగతిలో పాఠం చెప్పే మనిషికి ఇంతకన్నా స్వర్గం ఎక్కడుంటుంది?

మా బడి పిల్లలు ఇంతవరకు నంద్యాల స్టేజీ ఎక్కలేదు. రిహార్సల్ అంటే మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోతున్నారు. మా హెడ్మాస్టరు బాలస్వామి సారు మాత్రం "ప్రైజు రాకున్నా పర్వాల్యామ్మా, బడికి మాట రాగూడదు" అన్నారు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. వచ్చే ఏడాదికి నన్ను ఉంచమని రాయాల్సింది ఆయనే. అందుకని ఏవైనా తప్పులుంటే మీరే దిద్దండి.

మీ మాట కోసం ఎదురుచూసే,
ఫెబా

తా.క. వాట్సాప్ కాదు, ఉత్తరమే రాయాలి అన్న మీ నిబంధన చూశాను. కారణం అడగను. అసలు నేను కారణాలు అడిగే మనిషిని కాను.


నంద్యాల,
అక్టోబరు 10

ఫెబా టీచరమ్మకు, పాత్రల అంగడి మహానందయ్య ఆశీర్వదించి రాయునది.

నాటకం చదివాను. చదువుతూ చదువుతూ అంగడి షట్టరు సగం దించాను. అమ్మా, మీరు పిల్లల నాటకం పంపారా, నా మీదికి పిడుగు పంపారా? ఈ కాలంలో ఇంత ఘాటుగా రాసే ధైర్యం మీకెక్కడిది?

మీరు ఎవరిని అంటున్నారో నాకు అర్థమైంది. అందరికీ అర్థమవుతుంది. అదే నా భయం. స్టీలు గిన్నెలు కొనడానికి అన్ని పార్టీలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ, అన్ని ఆఫీసులవాళ్లూ నా అంగడికే వస్తారు. సంఘానికి చందాలిచ్చేదీ వాళ్లే. కాబట్టి కొన్ని మార్పులు తప్పవు.

పెద్దాయనకు మీసాలు, తెల్లచొక్కా అని రాశారు. ఈ చుట్టుపక్కల మీసాలు, తెల్లచొక్కా లేని పెద్దాయనను ఒక్కరిని చూపించండి. ఏ పార్టీవాళ్లు చూసినా తమ నాయకుడే అనుకుంటారు. ఒకే రంగు బట్టలు అన్నారు. అది ఏ రంగైనా ఎవరిదో ఒకరి జెండాలో ఉంటుంది. గంట గుడిదా, చర్చిదా తేల్చలేదు. ఉప్మా సంగతి మరీ సున్నితం. టిఫిన్ సెంటర్ల సంఘం అధ్యక్షుడు మా పెద్ద దాత. ఊరంతా ఉప్మానే తింటే దోసెలవాళ్లు ఏమైపోవాలి?

విశ్రాంతి గది పేరుతో మీరు పెట్టిన జైలును మాత్రం తక్షణం తీసేయండి.

మీ మేలు కోరే,
మహానందయ్య

తా.క. ఉత్తరాల నిబంధనకు కారణం మీరు అడగలేదు కాబట్టి చెబుతున్నాను. పోయినేడు ఒక నాటకం బాగుందని నేను వాట్సాప్‌లో పెట్టిన ఒక్క వాక్యం కోయిలకుంట్ల దాకా పోయి, తిరిగి వచ్చేసరికి నేను ఎవరినో తిట్టినట్టు తయారైంది.


ఆళ్లగడ్డ,
అక్టోబరు 14

పూజ్యులైన మహానందయ్య గారికి, ఫెబా కంగారుగా నమస్కరిస్తూ.

అయ్యా, నేను ఎవరినీ అనలేదు. సరేనూరును మెచ్చుకుంటూ రాశాను. నిజంగా మంచి ఊరనే రాశాను. మీ ఉత్తరం చూశాక స్టాఫ్ రూములో కూర్చుని మొదటి నుంచి మళ్లీ చదివాను. నాకు ఇంకా మంచిగానే కనిపిస్తోంది. అయినా మీరు పెద్దవారు, చెప్పినవన్నీ మార్చాను.

పెద్దాయనకు మీసాలు తీసేశాను. గంట గుడిదీ కాదు, చర్చిదీ కాదు, బడిగంట. ఉప్మా బదులు అందరూ ఒకే దోసె తింటారు. ఇక బట్టలకు ఏ రంగూ లేకుండా గోనెసంచులు కుట్టిస్తున్నాను.

విశ్రాంతి గది జైలు కాదని తెలియడానికి ఒక మాట కలిపాను. గది తలుపుకు బయట గడియ ఉంటుంది, లోపలివాళ్ల విశ్రాంతికి ఎవరూ అడ్డు రాకుండా. గోడలు మందంగా కట్టించాను, బయటి సందడి లోపలికి, లోపలి శబ్దం బయటికి వినబడకుండా. ఇప్పుడు ఎవరికీ అనుమానం రాదు కదా?

మీ దిద్దుబాటుకు తలవంచే,
ఫెబా

తా.క. జైలు అని మీరు రాసినప్పటి నుంచి ఆ మాట నా తలలో తిరుగుతోంది. గడియ బయట పెట్టాలని నాకెందుకు తోచిందో నాకే తెలియడం లేదు.


నంద్యాల,
అక్టోబరు 18

టీచరమ్మకు, నిద్ర సరిగా పట్టని మహానందయ్య రాయునది.

మీరు మార్చాక నాటకం ఇంకా భయంకరంగా తయారైంది. మందపాటి గోడలు చదివి నాకు చెమటలు పట్టాయి.

మీసాలు తీసేస్తే, తీసింది ఎవరు, ఎందుకు తీయించారు అని మీసాలున్నప్పటికన్నా ఎక్కువ చర్చ జరుగుతుంది. పెద్దాయన స్టేజీ మీదికి రాకపోవడమే మేలు. బడిగంట అంటే విద్యాశాఖవాళ్లు నొచ్చుకుంటారు. ఈల పెడదామంటే పోలీసులు, డప్పు పెడదామంటే ఇంకొకరు. శబ్దమే వద్దు. దోసె అంటే ఇడ్లీవాళ్లకు కోపం. సరేనూరు ప్రజలు ఏమీ తినకపోతే మంచిది. గోనెసంచుల మీద ఎరువుల కంపెనీ పేర్లుంటాయి. తిరగేసి కుట్టినా వెలుతురుకు కనబడతాయి. పేజీలు చించిన గ్రంథాలయం కూడా తీసేయండి. లైబ్రేరియన్ మా వీధిలోనే ఉంటాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, వాళ్లు గదిలో నుంచి నవ్వుతూ రావడం. లోపల ఏం జరిగిందో మీరు చెప్పలేదు. ఏడుస్తూ వచ్చి ఉంటే నాకింత భయం వేసేది కాదు.

మీ క్షేమమూ, నా అంగడి క్షేమమూ కోరే,
మహానందయ్య

తా.క. మా ఇంటావిడ శాంతకుమారి నాటకం చదివింది. నన్ను ఒకటే అడిగింది: "ఆ గదిలో నుంచి వచ్చిన పిల్ల వాళ్లమ్మను గుర్తుపట్టిందా?" నాకు జవాబు తెలియలేదు. మీకు తెలిస్తే రాయండి. ఇది అభ్యంతరం కాదు, ఊరికే అడుగుతున్నాను.


ఆళ్లగడ్డ,
అక్టోబరు 23

మహానందయ్య గారికి, ఫెబా ఉండబట్టలేక రాస్తున్న ఉత్తరం.

మీరు చెప్పినవన్నీ తీసేశాను. మిగిలిన నాటకం ఇది: తెర లేస్తుంది. పిల్లలు వరుసగా నిలబడతారు. "సరే" అంటారు. తెర పడుతుంది.

దాన్ని తరగతిలో చదివి వినిపించాను. ఎప్పుడూ మోతమోగే తరగతి చప్పుడు లేకుండా కూర్చుంది. నేను కోరుకున్న నిశ్శబ్దం అదే. కానీ నాకు ఊపిరాడలేదు. అప్పుడు రూతు అనే పిల్ల లేచింది. "టీచర్, నాటకం మొత్తం కొట్టేసినారు గదా. మనం ఎవురినీ ఏందని అడగల్యా. అన్నిటికీ సరే అంటిమి. అట్లయితే సరేనూరు యాడో లేదు టీచర్, మనమే ఆడుండాం" అంది.

నా చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. అవునండీ. ఆ ఊరు ఎట్లాంటిదో నేను రాశాను గానీ చూడలేదు. మీరు చూశారు. మీరు వద్దన్న ప్రతి చోటా ఏదో ఒక నిజం కనబడింది. నాకు బి.ఎడ్.లో ఎవరూ చదవడం ఇట్లా నేర్పలేదు. ఇక అమ్మగారి ప్రశ్నకు జవాబు. ఆ పిల్ల తల్లిని గుర్తుపట్టలేదు. రాసింది నేనే కాబట్టి నాకు తెలుసు.

అందుకే నాటకం మళ్లీ రాశాను. గంట, మీసాలు, ఉప్మా, చించిన పేజీలు, గది, అన్నీ తిరిగి వచ్చాయి. కొత్తగా ఒక దృశ్యం పెట్టాను. ఒక పిల్ల 'ఎందుకు' అంటుంది. ఆమెను గదికి తీసుకుపోతుంటే పక్కనున్న ఆమె కూడా 'ఎందుకు' అంటుంది. తర్వాత ఇంకొకరు. చివరికి ఊరంతా అడుగుతుంది. గదిలో చోటు చాలదు. రిహార్సల్‌లో పిల్లలు ఆ మాట అంటుంటే కిటికీల దగ్గరికి ఆరో తరగతివాళ్లు కూడా చేరారు.

బాలస్వామి సారు పిలిచి "ఎందుకమ్మా ఈ గొడవ, ఇడ్సిపెట్టు" అన్నారు. "కుదరదు సార్" అన్నాను. ఆయన కన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. ఆ మాట నా నోట్లో నుంచి అంత సులభంగా వస్తుందని నాకు తెలియదు. బయటికి వచ్చి ఒక చెంబు నీళ్లు తాగాను.

మీ శిష్యురాలు,
ఫెబా

తా.క. శిష్యురాలు అని ఎగతాళికి రాయలేదు.


నంద్యాల,
అక్టోబరు 27

ఫెబా టీచరమ్మకు, మహానందయ్య.

అమ్మా, నన్ను గురువును చేయవద్దు. నేను గిన్నెలు అమ్ముకునేవాణ్ణి. ఈ నాటకం కుదరదు. సంఘంలో అందరికీ అభ్యంతరం ఉంది. దాతలకు అభ్యంతరం ఉంది. పెద్దలకు అభ్యంతరం ఉంది. పిల్లల చేత ఏదైనా దేశభక్తి నృత్యం చేయించండి. దానికి పాట కూడా నేనే పంపిస్తాను.

ఇంతకు మించి రాయలేను.
మహానందయ్య

తా.క. కొత్త ప్రతిని తిప్పి పంపుదామంటే శాంతకుమారి ఇవ్వడం లేదు. పక్కింటి కమలాక్షమ్మకు చదివి వినిపిస్తోంది. వాళ్లు వంటింట్లో 'ఎందుకు, ఎందుకు' అంటుంటే నేను వసారాలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.


ఆళ్లగడ్డ,
అక్టోబరు 30

మహానందయ్య గారికి, ఫెబా నమస్కారాలు.

అందరికీ అభ్యంతరం అని రాశారు. ఆ అందరి పేర్లు కావాలి. శనివారం మొదటి బస్సుకు రూతును, ఇంకొందరు పిల్లలను వెంటబెట్టుకుని నంద్యాల వస్తున్నాను. టిఫిన్ సెంటర్ల అధ్యక్షుడి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్తాం. నాటకం చదివి వినిపిస్తాం. ఏ మాట వారికి నొప్పి కలిగించిందో వాళ్ల నోటే వింటాం. కొట్లాటకు కాదు, తెలుసుకోవడానికే.

శనివారం కలుద్దాం.
ఫెబా

తా.క. పిల్లలు చాలా ఉత్సాహంగా ఉన్నారు. ఎవరెవరిని ఏమేం అడగాలో ఇప్పటినుంచే వాదించుకుంటున్నారు. ఆ మోతకు తరగతిలో నా మాట ఒక్కటీ వినబడటం లేదు. బాగుంది.


నంద్యాల,
నవంబరు 3

అమ్మా ఫెబా, మహానందయ్య కాలు నిలవక రాస్తున్న ఉత్తరం.

శనివారం నువ్వు రావద్దు. నేనే అందరి దగ్గరికీ తిరిగి వచ్చాను.

పిల్లలను వెంటేసుకుని నువ్వు ఊరంతా తిరిగితే నా పరువు ఏం కావాలని, నీకన్నా ముందే అందరి అభ్యంతరాలూ గట్టిగా రాయించుకు వద్దామని నిన్న స్కూటరు తీశాను. టిఫిన్ సెంటర్ల అధ్యక్షుడి దగ్గరికి పోయాను. ఆయన నాటకం విని "ఉప్మా తింటే తిననీ అప్పా, దాన్తో నా దోసెకేమైతాది? నువ్వే ఒప్పుకోవనుకుంటి" అన్నాడు. ఒక పార్టీ ఆఫీసుకు పోయాను. "మా లీడరుకు నాటకాలు చూసే టైము యాడుండాదప్పా" అన్నారు. ఎదుటి పార్టీ ఆఫీసులో "మీసాలుండాయా? అయితే ఇంగా కొంచెం లావుగా పెట్టు" అన్నారు. లైబ్రేరియన్ అయితే పేజీలు చించే దృశ్యానికి పాత పుస్తకాలు తానే ఇస్తానన్నాడు.

చివరికి మా సంఘం సభ్యుల దగ్గరికి పోయాను. ఒక్కరూ నాటకం చదవలేదు. "నువ్వు వద్దంటాండావని మేమూ వద్దంటిమి" అన్నారు. "మీరు వద్దంటారని గదప్పా నేను వద్దనింది" అన్నాను. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అంగడికి వచ్చి ఒక డ్రమ్ము మీద కూలబడ్డాను. ఇన్నేళ్లుగా నేను భయపడుతున్న మనిషి కోసం నంద్యాలంతా వెతికానమ్మా. యాడా కనపడలేదు. ఆ మనిషి కోసం ఎన్ని నాటకాలు కోసి పారేశానో తలుచుకుంటే నవ్వు వచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

నాటకం ఆడుదాం. ఒక్క అక్షరం తీయొద్దు. అయితే నాదొక విన్నపం. చివర ఊరంతా కలిసి పెద్దాయన ఇంటికి పోయి తలుపు తోయాలి. లోపల ఎవరూ ఉండకూడదు. ఖాళీ కుర్చీ మాత్రం ఉండాలి. ఆయన ఎన్నడూ లేడు. బాగుంటుందా?

పోటీ రోజున నీ రాక కోసం ఎదురుచూసే,
మహానందయ్య

తా.క. కుర్చీ మా ఇంటిదే పంపుతాను. నేను కూర్చునేదే.


ఆళ్లగడ్డ,
నవంబరు 24

మహానందయ్య గారికి, శాంతకుమారి అమ్మగారికి, ఫెబా, తొమ్మిదో తరగతి పిల్లల వందనాలు.

ఆఖరి బస్సు తప్పిపోతుందని నాటకం అవగానే మీకు చెప్పకుండా పరుగెత్తాం, ఏమీ అనుకోవద్దు. దారి పొడవునా పిల్లలు పాడుతూనే ఉన్నారు. డ్రైవరు "ఎందుకమ్మా ఇంత సంతోషం" అంటే బస్సంతా ఒక్కసారిగా నవ్వింది. పాపం, ఆయనకు అర్థం కాలేదు.

తలుపు తెరుచుకుని ఖాళీ కుర్చీ కనబడగానే హాలంతా బిగుసుకుపోవడం నేను స్టేజీ అవతలి పక్క నుంచి చూశాను. నిజం చెబుతున్నాను, మీరు రాసిన ఆ దృశ్యం లేకపోతే మా నాటకం సగమే. కానీ మీరు చేసిన పని మాత్రం నేను ఊహించలేదు. గంట కొట్టే పిల్లను చివరి దృశ్యంలో గుంపులోకి పంపి, మీ అంగడి ఇత్తడి గంట మీ చేతికే ఇచ్చాను, అంతే. లోపల ఎవరూ లేరని తెలిశాక కూడా ఆ గంట మోగుతూనే ఉంటే ఒళ్లు జలదరించింది. ముందు వరుసలో ఒక పెద్దమనిషి లేచి "ఇంట్లో ఎవురూ ల్యాకపోతే, మరి గంట కొడ్తాండేది ఎవురప్పా?" అని అడిగారు. మీరు తెర పక్క నుంచి గంట పట్టుకుని బయటికి వచ్చారు. "నేనే కొడ్తాండా అప్పా. ఆపమని ఎవురూ చెప్పల్యా" అన్నారు.

ఆ రెండు మాటలతో హాలు లేచి నిలబడింది. ఎంత గొప్ప నటన అండీ. ముందుగా నాకు చెప్పకుండా దాచారు కదా. బాలస్వామి సారు కళ్లు తుడుచుకుంటూ "నాకు ముందే చెప్పింటే నేనూ ఒక వేషం కడ్తాంటి గదమ్మా" అన్నారు. నా కాంట్రాక్టు సంగతి అడగబోతే "అది రాసేసినాలే" అని వెళ్లిపోయారు.

ప్రైజు ఎవరికి వచ్చిందో రాయండి.
ఫెబా

తా.క. నాటకాల్లో మీకు ఇంత అనుభవం ఉందని ఎప్పుడూ చెప్పలేదేం?


నంద్యాల,
నవంబరు 28

చిరంజీవి ఫెబాకు, పిల్లలందరికీ మహానందయ్య ఆశీస్సులు.

ప్రైజు ఎవరికీ రాలేదు. న్యాయనిర్ణేతలు మీ నాటకం మీద వాదించుకుంటూ వాచ్‌మన్ లైట్లు ఆర్పేదాకా తేల్చలేదు. పోయినేటి దాకా అయిదు నిమిషాల్లో తేల్చి టీ తాగి పోయేవాళ్లు.

ఇక అసలు సంగతి. నేను నటించలేదమ్మా.

తెర పడేదాకా గంట కొడుతూనే ఉండమన్నావు. తెర తాడు ఎక్కడో చిక్కుకుంది. నేను నిలబడిన చోటి నుంచి స్టేజీ కనబడదు. తలుపు తెరిచిందీ, కుర్చీ చూపించిందీ నాకు తెలియదు. చెయ్యి నొప్పి పుడుతున్నా కొడుతూనే ఉన్నాను. అంతలో ఎవరో కోపంగా గంట కొట్టేది ఎవరని అడిగినట్టు వినబడింది. తప్పు చేశాను కాబోలు, తిడుతున్నారు అనుకుని బయటికి వచ్చి ఉన్నమాట చెప్పాను.

ముందు వరుసలో మా సంఘం వాళ్లు, దాతలు, లైబ్రేరియన్, శాంతకుమారి. అందరి మొహాలూ చూశాక గానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి. దండం పెట్టాలని చేతులెత్తాను. చేతిలో గంట ఇంకోసారి మోగింది. దానికి చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు.

అప్పటి నుంచి అంగడికి వచ్చినవాళ్లంతా నా నటన మెచ్చుకుంటున్నారు. కాదని ఒకరిద్దరికి చెప్పాను. ఎంత వినయం అంటున్నారు. అందుకని నీకొక్కదానికే రాస్తున్నాను.

వచ్చే ఏటి పోటీకి అంశం 'మీ ఇష్టం'. సంఘంలో ఓటింగు పెట్టాను. ఇద్దరు వద్దన్నారు. ఎందుకని అడిగాను. కారణాలు చెప్పారు. వాటిలో ఒకటి నిజంగా బాగుంది.

నీ నాటకం కోసం కాచుకుని ఉండే,
మహానందయ్య

తా.క. మొన్న అన్నం తింటూ శాంతకుమారిని అడిగాను, "నీకు సొరకాయ అంటే అంత ఇష్టమేందీ?" అని. ఆమె గరిటె కింద పెట్టి, "నాకా? మీకిష్టమని గదా పెండ్లయినప్పట్నుంచి చేస్తాండేది" అంది. ఆ గిన్నెకు మూత పెట్టేశాం. తర్వాత స్కూటరు తీసి ఎర్రకారం దోసె తినడానికి పోయాం.